ధర్నా చౌక్‌లో టెంటు వేసే ముందు

మొన్న రాత్రి పాత కొలీగ్ ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్ళ కంపెనీలో ఐదు నెలల నుంచి జీతంలో పీఎఫ్ పట్టుకుంటున్నారు గానీ ఆఫీసులో జమ చెయ్యట్లేదంట, "మాస్టారూ, మేం కూడా విజయవాడ అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో టెంటేసుకుని కూర్చుందాం అనుకుంటున్నాం, పర్మిషన్ ఎవరి దగ్గర తీసుకోవాలి" అని అడిగాడు. పర్మిషన్ సంగతి తర్వాత చూద్దాం, మీరు అక్కడ కూర్చుంటే మీ ఓనర్‌కి ఏం పోయిద్ది అది చెప్పు అన్నా. కాసేపు సైలెంట్. తర్వాత "పేపర్లో వస్తది కదండీ" అన్నాడు. పేపర్లో వస్తే ఆయనకి ఏం పోయిద్ది? మళ్ళీ సైలెంట్. అక్కడి నుంచి గంటన్నర మాట్లాడుకున్నాం, అందులో పనికొచ్చేదంతా ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరికైనా ఉపయోగపడిద్దేమో అని.

ముందు నా చెత్త అనుభవం చెప్తా. నేను విజయవాడలో ఒక ప్రైవేట్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి, పేరెందుకులెండి. 38 మంది లెక్చరర్లం, జీతాలు ఆపేశారు. ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున్నే ఏ ప్లానూ లేకుండా గేటు ముందు కూర్చుని నినాదాలు మొదలెట్టాం. పదకొండింటికి మా ఫిజిక్స్ కుర్రాడికి కోపం ఆగలేదు, గేటు పక్కన పూలకుండీని ఒక్క తన్ను తన్నాడు, అది దొర్లుకుంటూ పోయి సెక్యూరిటీ రూమ్ అద్దానికి తగిలింది. అంతే. మధ్యాహ్నానికల్లా జీతం గురించి ఎవడూ మాట్లాడట్లా, అందరూ అద్దం గురించే. కంప్లైంట్ ఇచ్చారు, ఐదుగుర్ని స్టేషన్‌కి పిలిచారు, సాయంత్రానికి "కేసు వెనక్కి తీసుకుంటాం, రేపట్నుంచి క్లాసులకి రండి" అన్నారు, వెళ్ళాం. రెండు వేలు కూడా చెయ్యని అద్దంతో లక్షల జీతం బాకీని కప్పేశారు, ఆ అద్దం వాళ్ళ చేతికిచ్చింది మేమే. అహింస అంటే నాకు ఆ రోజు అర్థమైంది, అదేదో మంచితనం సర్టిఫికెట్ కాదండీ, అవతలోడికి మాట మార్చే ఛాన్స్ ఇవ్వకపోవడం.

రెండోసారి మే నెలలో చేశాం. ఈసారి మా కెమిస్ట్రీ మేడమ్ ఇంట్లో డాబా మీద కూర్చుని ఒకటే ప్రశ్న వేసుకున్నాం, మేనేజ్‌మెంట్‌కి మనతో అవసరం ఎక్కడుంది అని. ఒకాయన పరీక్షల డ్యూటీ ఎగ్గొడదాం అన్నాడు, అది చేస్తే పిల్లల తల్లిదండ్రులు మన మీదకొస్తారు, వాళ్ళు మన వైపు ఉండాల్సినోళ్ళు అని మేడమ్ కొట్టిపారేశారు. చివరికి తేలిందేంటంటే ఆ కాలేజీ ఏడాది మొత్తం బతికేది అడ్మిషన్ల నెలన్నర మీద. నూజివీడు నుంచి, తెనాలి నుంచి, పల్నాడు పల్లెల్నుంచి నాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఫీజు డబ్బుల్తో వచ్చేది అప్పుడే. సరే, రోడ్డుకి అవతల వైపు, గేటుకి ఎదురుగా, పొద్దున పదిమంది సాయంత్రం పదిమంది నిలబడ్డాం. ఇస్త్రీ చొక్కాలు, చీరలు, క్లాసుకి వెళ్ళేటట్టే. నినాదం లేదు, మైకు లేదు. మెడలో తలా ఒక అట్టముక్క. నాదాంట్లో "నేను ఇక్కడ మ్యాథ్స్ చెప్తాను. 12 ఏళ్ళ సర్వీసు. నాలుగు నెలలుగా జీతం లేదు" అని ఉంది, అంతకుమించి ఒక్క ముక్క లేదు. జేబులో బ్యాంక్ స్టేట్‌మెంట్ జిరాక్స్. ఎవరైనా నిజమా అని అడిగితే తీసి చూపించడమే. రాసేది ప్రతిదీ కాగితంతో రుజువయ్యేదే ఉండాలి, లేకపోతే పరువునష్టం నోటీసు వచ్చి మళ్ళీ అద్దం కథే అయిద్ది. ఆ తల్లిదండ్రులు చదువుకుని లోపలికెళ్ళి కౌంటర్లో అడగడం మొదలెట్టారు, "మీ సార్లకే జీతాలివ్వకపోతే మా వాడికి ఏం చెప్తారండీ" అని. ఆరో రోజు లోపల్నుంచి పిలుపొచ్చింది.

కాబట్టి మొదటి పని ఇది, మీరు లేకపోతే, మీరు ఊఁ అనకపోతే వాళ్ళకి ఏది ఆగిపోయిద్దో కనిపెట్టడం. ఇదేం నేను కనిపెట్టిన సంగతి కాదు, అప్పటి గుంటూరు జిల్లాలో వందేళ్ళ నాడే చేసి చూపించారు. చీరాల, పేరాల ఊళ్ళని మున్సిపాలిటీ చేసి పన్నులు అమాంతం పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనకాల జనం ఊరే ఖాళీ చేసి పోయారు. పదిహేను వేల జనాభాలో దాదాపు పదమూడు వేల మంది. ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఊళ్ళో మనుషులే లేకపోతే మున్సిపాలిటీ ఎవరి దగ్గర పన్ను వసూలు చేస్తుంది! పెదనందిపాడు వైపు పన్నుల నిరాకరణ అప్పుడే జరిగింది, పర్వతనేని వీరయ్య చౌదరి గారు నడిపింది, అక్కడ అసలు మెలిక ఏంటంటే పన్ను వసూలు చేసే మునసబులూ కరణాలే రాజీనామాలు చేశారు. పల్నాడులో పుల్లరి కట్టం అని, అంటే అడవిలో పశువుల్ని మేపుకోడానికి వేసిన పన్ను, కట్టకపోవడమే కాకుండా వచ్చిన ఆఫీసర్లకి ఊళ్ళో ఎవరూ పనులు చెయ్యకుండా సహాయ నిరాకరణ చేశారు. ఆ పోరాటంలోనే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు గారిని కాల్చి చంపారు. అవతలోళ్ళు కూడా శాంతంగా ఉంటారని గ్యారంటీ ఏం లేదు, అది తెలిసే దిగాలి.

ఇంకాస్త దగ్గర కాలంలో చూస్తే దూబగుంట. నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించడంతో మొదలైంది, 1992కి అది సారా వేలం పాటలు ఆపే దాకా వెళ్ళింది. సారా మీద ప్రభుత్వానికి డబ్బు వచ్చేది వేలం పాటల్లోనే, ఆ పాటే జరగనివ్వకపోతే? 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. దుకాణాల ముందు ఏడుస్తూ కూర్చుంటే అయ్యేది కాదు అది.

రెండో పని కాగితం. ఇది బోరు కొట్టే పార్ట్, ఎక్కువ మంది ఎగ్గొట్టేదీ ఇదే. రోడ్డెక్కే ముందు అన్ని గుమ్మాలూ తొక్కినట్టు రుజువు ఉండాలి. డిమాండ్ ఒక్క పేజీలో రాయండి, మూడుకి మించొద్దు, ప్రతి దాంట్లో అంకె, తేదీ ఉండాలి. "కార్మికులకు న్యాయం చేయాలి" అంటే ఎవరైనా చేస్తాం అనేస్తారు. "జనవరి నుంచి ఏప్రిల్ దాకా జీతాలు మే 31 లోపు బ్యాంకులో వెయ్యాలి" అంటే వేశారో లేదో చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోద్ది. ఆ కాగితం మేనేజ్‌మెంట్‌కి ఒకటి, లేబర్ ఆఫీసులో ఒకటి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒకటి. ఆ గ్రీవెన్స్‌కి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుద్ది, మీకోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అంటున్నారు, క్యూ మాత్రం అదే క్యూ. ప్రతి చోటా రెండో కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోకుండా బయటికి రావద్దు. గవర్నమెంట్ ఆఫీసు వ్యవహారం అయితే సమాచార హక్కు దరఖాస్తు పడెయ్యండి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10, తెల్లకార్డు ఉంటే అసలు ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఇవ్వలేదన్నది కూడా రేపు మైకులో చెప్పడానికి పనికొస్తది.

ఇప్పుడు పర్మిషన్. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలో 19వ అధికరణం ఇచ్చింది, అది ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు. కానీ పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 కింద ఊరేగింపులకీ సభలకీ అనుమతి తీసుకోమంటారు, దాన్ని పొడిగిస్తూ పోతూనే ఉంటారు. దానిపైన జనం గుమిగూడకుండా ఆపే పాత 144 సెక్షన్ ఉంటది, 2024 జులై నుంచి కొత్త చట్టంలో దాని నంబర్ 163 అయింది గానీ జనం నోట్లో ఇంకా వన్ ఫార్టీ ఫోరే. కాబట్టి విజయవాడలో అయితే ఏసీపీ గారికి, గుంటూరులో అయితే డీఎస్పీ గారికి నాలుగైదు రోజుల ముందే లెటర్ ఇవ్వండి, ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎంతమంది, ర్యాలీ అయితే ఏ రూటు, బాధ్యులు ఎవరు, ఫోన్ నంబర్లు. కాదంటే కాదన్న ముక్క రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఆ ఒక్క మాటకే సగం సర్దుబాటు అయిద్ది. అప్పటికీ కాకపోతే నేలపాడులో హైకోర్టు ఉంది, లంచ్ మోషన్, అంటే అదే రోజు వినమని అడిగే అర్జెంటు పిటిషన్, వేసి షరతులతో అనుమతి తెచ్చుకున్న ర్యాలీలు ఎన్నో. రోడ్ల మీద సభలు వద్దంటూ 2023 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 1ని అదే ఏడాది మేలో హైకోర్టు కొట్టేసింది కూడా. అట్లాగని రోడ్డు మొత్తం ఆపేసి రోజుల తరబడి కూర్చుంటాం అంటే కుదరదు, ఢిల్లీలో రోడ్డు మీద నెలల తరబడి కూర్చున్న షాహీన్‌బాగ్ ధర్నా కేసులో 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. నన్నడిగితే రాస్తారోకో మన లాంటోళ్ళకి దండగ, బెంజ్ సర్కిల్లో ఇరుక్కున్న అంబులెన్స్‌లో ఉన్నాయన మీకేం అన్యాయం చేశాడు?

టెంటు సంగతి. అలంకార్ సెంటర్ ధర్నా చౌక్ అయితే అందరికీ అలవాటైన చోటు, రైల్వే స్టేషన్ దగ్గర, బయటి ఊళ్ళోళ్ళు నడిచి వచ్చేయొచ్చు. ప్లస్సూ అదే, మైనస్సూ అదే, రోజూ నాలుగు టెంట్లు చూసే జనానికి మీది అయిదోది. షామియానా, జంపఖానాలు, కుర్చీలు, చిన్న మైక్ సెట్ టెంట్‌హౌస్ వాడితో రోజు లెక్కన కాకుండా మొత్తానికి మాట్లాడుకోండి. మైకు పొద్దున ఆరు లోపు, రాత్రి పది తర్వాత పెట్టకూడదు. ఎండాకాలం అయితే పదకొండు నుంచి నాలుగు దాకా మనుషుల్ని కూర్చోబెట్టడం పాపం, విజయవాడ ఎండ తెలుసుగా. మజ్జిగ క్యాను, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, తడి తువ్వాళ్ళు, బీపీ షుగర్ ఉన్నోళ్ళ పేర్లు ఒక కాగితం మీద.

ఇంక అన్నిటికంటే ముఖ్యమైంది, ఏ నాయకుడూ మైకులో చెప్పనిది, బాత్రూమ్. ఆడవాళ్ళు ఎక్కువున్న ధర్నా మధ్యాహ్నానికి పలచబడిపోతుంటే మగాళ్ళు "వాళ్ళకి పట్టుదల లేదు" అంటారు, నిజానికి పొద్దున ఆరింటి నుంచి మంచినీళ్ళు తాగకుండా కూర్చున్నోళ్ళు వాళ్ళు. మా రెండో విడతలో మేడమ్ మొదటి రోజే ఎదురు వీధిలో ఒక పెద్దావిడ ఇంటికి పండ్లు పట్టుకెళ్ళి "అమ్మా, పది రోజులు మా వాళ్ళు మీ ఇంట్లో బాత్రూమ్ వాడుకుంటారు, రోజూ మేమే కడిగించి వెళ్తాం" అని అడిగొచ్చారు. ఆ పెద్దావిడ మూడో రోజు నుంచి టీ కూడా పెట్టి పంపింది. 2023 డిసెంబర్ 12న మొదలెట్టి అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారంటే, మధ్యలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా నిలబడ్డారంటే, దాని వెనక ఇట్లాంటి ఏర్పాట్లు ఎన్ని ఉండుంటాయో ఆలోచించండి.

ఏ రకం నిరసన చెయ్యాలి అనేది ఎవరి కళ్ళు మీకు కావాలో దాన్ని బట్టి. రిలే దీక్ష, వంటావార్పు, కళ్ళకి గంతలు, భిక్షాటన, అంబేద్కర్ విగ్రహానికి వినతిపత్రం, ఇవన్నీ మనోళ్ళకి కొట్టినపిండి. జీన్ షార్ప్ అని ఒక అమెరికన్ పెద్దాయన ఇట్లాంటి అహింసా పద్ధతులు 198 లెక్క తేల్చాడు, ఆయన ధర్నా చౌక్‌కి వచ్చుంటే ఇంకో పదిహేను కలిపేవాడేమో. రోజూ ఒకటే చేస్తే మూడో రోజుకి మీకే నిద్రొస్తది, కాబట్టి మార్చండి. ఒక్క ఆమరణ దీక్ష జోలికి మాత్రం పోవద్దు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మొదలెట్టి డిసెంబర్ 15న ప్రాణం వదిలారు, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది నిజమే, కానీ ఆయన పోయాక ఊళ్ళు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి, ఇంకొంతమంది పోయారు. నాలుగు నెలల జీతం కోసం ఎవరి ప్రాణమూ పణంగా పెట్టే పని లేదు. రిలే దీక్షకైనా డాక్టర్‌తో రోజూ చెక్ చేయించండి.

గొడవ పెట్టేవాళ్ళ గురించి. మీ మధ్యలో ఒకడు తాగి వస్తాడు, ఇంకొకడికి నిజంగానే కడుపు మండుద్ది, మూడోవాడు ఎవడో ఎవరికీ తెలియదు. ప్రతి పదిహేను మందికి ఒక వాలంటీర్‌ని పెట్టండి, చేతికి ఒకే రంగు రిబ్బన్, వాళ్ళ డ్యూటీ నినాదాలు కాదు, మనుషుల్ని చూస్కోవడం. చీరాలలో దుగ్గిరాల గారు రామదండు అని వాలంటీర్ల దళం పెట్టింది ఊరికే కాదు. ఎవరైనా గొంతు పెంచుతుంటే ఇద్దరు చెరో పక్కన కూర్చుని "పద బాబాయ్, టీ తాగొద్దాం" అని లేపుకెళ్ళాలి. ఎవరో తెలియనోడు రాయి తీస్తే అందరూ కింద కూర్చునిపోవాలి, అప్పుడు నిలబడ్డ వాడు ఒక్కడే కనపడతాడు, కెమెరాలకీ పోలీసులకీ. దీన్ని ముందు రోజు సాయంత్రం ఒకసారి ప్రాక్టీస్ చెయ్యండి, నవ్వొస్తది గానీ చెయ్యండి. మా ఫిజిక్స్ కుర్రాడినే వాలంటీర్ని చేశాం, అంతకంటే జాగ్రత్తగా ఇంకెవరూ చెయ్యలేదు.

పోలీసులు వస్తారు. సీఐ గారితో మాట్లాడేది ఇద్దరే, మిగతావాళ్ళు నోరు తెరవొద్దు. సార్ అనండి, కానిస్టేబుల్ కూడా జీతగాడే, ఆయన డ్యూటీ పన్నెండు గంటలు, ఆయనకీ మజ్జిగ ఇవ్వండి. వ్యాన్ ఎక్కమంటే ఎక్కండి, తోసుకోవద్దు, ఫోన్‌లో వీడియో తీసేవాళ్ళు కొంచెం దూరంగా ఉండాలి. ముందస్తు అరెస్ట్ అని ఇంట్లో నుంచి తీసుకెళ్ళినా, అక్కణ్ణుంచి లేపినా, కారణం చెప్పాలి, లాయర్ని కలవనివ్వాలి, 24 గంటల్లో వదలాలి లేదా మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్ళని మామూలుగా అరెస్ట్ చెయ్యకూడదు. లాయర్ నంబర్ ఫోన్లో కాదు, పెన్నుతో చేతి మీద రాసుకోండి, ఫోన్ లాగేసుకుంటే ఏం చేస్తారు? లాయర్‌కి డబ్బుల్లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చెయ్యొచ్చు, ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ కార్మికులకీ ఉచితం.

డబ్బు. చీరాల వాళ్ళ పట్టుదల సంగతి చెప్పా కదా, గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టారు, చేతిలో డబ్బు అయిపోయింది, చివరికి తిరిగి ఊళ్ళోకి రావాల్సొచ్చింది. అదే 1955లో అమెరికాలో మాంట్‌గోమరీ అనే ఊళ్ళో నల్లవాళ్ళు సిటీ బస్సులెక్కడం మానేసినప్పుడు 381 రోజులు ఎట్లా లాగారంటే, మొదటి రోజుల్లోనే సుమారు 300 సొంత కార్లతో పికప్ పాయింట్లు పెట్టుకుని జనాన్ని పనులకి చేర్చారు. బస్సు మానెయ్యమని చెప్పడం తేలిక, పనిమనిషి పొద్దున్నే పనికి ఎట్లా వెళ్ళాలి అన్నది ముందు చూశారు. మీరు కూడా సమ్మెకి దిగే ముందు ఎవరింట్లో అద్దె ఆగిపోద్ది, ఎవరికి గోల్డ్ లోన్ వాయిదా ఉంది అడిగి తెలుసుకోండి. తలా కొంత చందా వేసుకుని, ఆ రోజు జమా ఖర్చు చార్ట్ మీద రాసి టెంటు గుంజకి కట్టండి. "మజ్జిగ 240, టెంటు 1500, ఆటో 80" అని అందరికీ కనపడుతుంటే చాటుమాటు గుసగుసలు ఉండవు. పార్టీల వాళ్ళు వస్తారు, రానివ్వండి, సంఘీభావం తెలిపి ఫోటో దిగి పోతారు, కానీ మైకూ డబ్బుల డబ్బా మీ దగ్గరే ఉండాలి.

చర్చలకి పిలిచినప్పుడు గాల్లో తేలిపోవద్దు, అక్కడే ఎక్కువ మంది ఓడిపోతారు. ఎవరు వెళ్ళాలి, ఎంతవరకు తగ్గొచ్చు అన్నది పిలుపు రాకముందే అందరూ కూర్చుని ఖాయం చేసుకోవాలి. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ, అంటే ప్రభుత్వ ఉద్యోగుల జీతాల సవరణ, మీద ఛలో విజయవాడ అంటే అన్ని ఆంక్షల మధ్య ఉద్యోగులు బీఆర్‌టీఎస్ రోడ్డుని నింపేశారు, ఈ ఊరు అట్లాంటిది చూడటం అరుదు, రెండు మూడు రోజుల్లోనే చర్చలు అయిపోయి సమ్మె ఆగిపోయింది, ఆ వెంటనే టీచర్ల సంఘాలు మాకిది సమ్మతం కాదన్నాయి. తప్పెవరిది అన్నది నాకనవసరం, లోపల కూర్చున్నోళ్ళకీ బయట నిలబడ్డోళ్ళకీ ముందే ఒక మాట ఉండాలి, అంతే. లోపలికి ముగ్గురు వెళ్ళండి, ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, ఇంకొకరు ఊరికే వినాలి. "బయటికెళ్ళి మావాళ్ళని అడిగి చెప్తాం" అనే మాట ఎప్పుడైనా వాడొచ్చు, నామోషీ ఏం లేదు. ఒప్పుకున్నది ప్రతిదీ మినిట్స్‌లో తేదీలతో, రెండు వైపులా సంతకాలతో, వీలైతే లేబర్ ఆఫీసర్ సమక్షంలో. పాల్గొన్నవాళ్ళ మీద ఏ చర్యా తీసుకోం అన్న లైను మర్చిపోవద్దు, నోటితో చెప్పి తర్వాత ఒక్కొక్కర్నీ పీకేస్తారు.

మాకు మూడు వాయిదాల్లో ఇస్తామని సంతకం పెట్టారు. జూన్‌లో ఒకటి, జులైలో ఒకటి సరిగ్గా తేదీకి పడ్డాయి. మూడోది పదకొండు రోజులు లేటయింది. పన్నెండో రోజు పొద్దున నేనూ మేడమూ క్లాసులకి ముందే వెళ్ళి, గేటుకి ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి టీ తాగాం, ఆ పాత అట్టముక్కలు చంకలో ఉన్నాయి, మెడలో వేసుకోను కూడా లేదు. సెక్యూరిటీ ఆయన మమ్మల్ని చూసి ఫోన్ తీశాడు. మధ్యాహ్నం రెండో పీరియడ్‌లో ఉండగా బ్యాంకు మెసేజ్ వచ్చింది.